ఏడు సెకన్లు

(కౌన్సెలింగ్ సైకాలజీలో పీజీ చేయాలనుకుంటున్న విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్లకి వినపడుతోందా? సరే.

"అప్లికేషన్ నుంచి పట్టా దాకా అంతా చెప్పండి" అని నన్ను పిలిచారు. గంటలో అంతా చెప్పడం నావల్ల కాదు. విద్యార్థినిగా నేను పడ్డ తిప్పలు, ఆ తర్వాత కొన్నేళ్లు సెలక్షన్ కమిటీలో కూర్చుని చదివిన అప్లికేషన్లు, ఇప్పుడు సూపర్‌వైజర్‌గా వారం వారం చూస్తున్న పిల్లల అవస్థలు, వీటిలోంచి మీకు పనికొచ్చేవి ఏరుకుని వచ్చాను.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఎదుటివాళ్ల బాధ వినడం నేర్చుకుందామని ఈ చదువుకి వస్తాం. మొదటి సంవత్సరం పూర్తికాకముందే ఒక సంగతి తెలిసొస్తుంది, ఇక్కడ క్లయింట్ గొంతు కన్నా మన గొంతే మనం ఎక్కువసార్లు వినాలి. మనం పని చేస్తుంటే ఇంకొకరు చూస్తారు. రికార్డు చేసింది వింటారు. మధ్యలో ఆపి, "ఇక్కడ ఈ మాట ఎందుకన్నావు?" అని అడుగుతారు. కోర్సంతా ఇదే పని. అలా చూడనివ్వడానికి ఒప్పుకునే మనిషేనా అన్నదే కమిటీ కూడా మీ కాగితాల్లో వెతుకుతుంది, పైకి చెప్పకపోయినా.

ఇక అప్లికేషన్ సంగతి. అందులో అందరినీ ఏడిపించేది స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, అంటే ఈ కోర్సుకి ఎందుకు రావాలనుకుంటున్నామో మనమే రాసే కాగితం. "మా ఫ్రెండ్స్ అందరూ వాళ్ల కష్టాలు నాకే చెప్పుకుంటారు." ఈ వాక్యం ఎన్ని వందలసార్లు చదివానో నాకే తెలీదు. నవ్వకండి, నా అప్లికేషన్‌లో కూడా మొదటి వాక్యం ఇదే. దాన్ని చూస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అబద్ధమని కాదు, నిజంగానే చెప్పుకునేవాళ్లు. కానీ ఫ్రెండ్ మాట వినేటప్పుడు మనం ఆ ఫ్రెండ్ పక్షం. మధ్యలో మన గోడు కూడా వెళ్లబోసుకుంటాం. రాత్రి రెండింటికి ఫోనొచ్చినా ఎత్తుతాం. సలహా ఇచ్చేస్తాం, వినకపోతే అలుగుతాం. కౌన్సెలర్ ఈ పనుల్లో ఒక్కటీ చేయకూడదు. అంటే మనకి బాగా అలవాటైన పద్ధతిని మానుకోవడానికే ఈ కోర్సుకి వస్తున్నామన్నమాట. ఆ వాక్యం చదివిన కమిటీకి మీరు మంచివాళ్లని తెలుస్తుంది. అప్లై చేసేవాళ్లంతా మంచివాళ్లే కాబట్టి దానితో ఎవర్నీ ఎంచుకోలేరు.

రెండో రకం స్టేట్‌మెంట్ ఇంకా కష్టమైనది. సొంత గాయం గురించి రాసేది. 2006లో డ్రూ ఆపిల్‌బీ, కేరెన్ ఆపిల్‌బీ అనే ఇద్దరు అమెరికాలో సైకాలజీ పీజీ అడ్మిషన్ కమిటీల అధ్యక్షులను ఒకటే అడిగారు. మిగతావన్నీ బాగున్న అభ్యర్థిని కూడా పక్కన పెట్టేలా చేసినవి ఏమిటి అని. జవాబుల్లో ఐదు రకాలు తేలాయి. దెబ్బతీసే స్టేట్‌మెంటు, చెరుపు చేసే రికమండేషన్ లెటరు, ఆ కోర్సు గురించి ఏమీ తెలుసుకోకుండా అప్లై చేయడం, రాత సరిగ్గా లేకపోవడం, మెప్పించబోయి బోల్తా పడటం. స్టేట్‌మెంట్ దగ్గర చాలామంది చెప్పింది, తమ మానసిక సమస్యల గురించి మరీ ఎక్కువగా రాసుకోవడం.

నాకు ఇది పూర్తిగా మింగుడుపడదు. మనసుకి జబ్బు చేస్తే దాచుకోనక్కర్లేదని లోకానికి చెప్పే వృత్తి, తన గుమ్మం దగ్గర మాత్రం దాచుకుని రమ్మంటుందా? విడ్డూరమే. కానీ కమిటీలో కూర్చున్నాక ఆ భయం ఎక్కడినుంచి వస్తుందో కొంత అర్థమైంది. గాయం ఉండటం వాళ్లకి అడ్డు కాదు, రాసేవాళ్లు ఇంకా ఆ గాయంలోంచే మాట్లాడుతుంటే భయం. ఎందుకంటే రేపు అదే బాధతో క్లయింట్ వస్తే, గదిలో ఎవరి బాధ ఎవరిదో తెలియకుండా పోతుంది. అందుకని నా విద్యార్థులకి ఒక చిన్న పరీక్ష చెబుతాను. రాయదలుచుకున్నది పైకి చదవండి. చదివాక, దాని గురించి ముక్కూమొహం తెలియని ముగ్గురు మనుషులు ఏ ప్రశ్న అడిగినా మామూలు గొంతుతో జవాబు చెప్పగలరా? చెప్పగలిగితే రెండు మూడు వాక్యాల్లో రాయండి, అక్కడినుంచి మీరేం చేశారన్న దానికి వెళ్లిపోండి. గొంతు పూడుకుపోతే, దానికి చోటు మీ సొంత థెరపీ గది. అప్లికేషన్‌లో వద్దు.

మరి ఏం రాయాలి? నాకు బాగా గుర్తుండిపోయిన స్టేట్‌మెంట్ ఒకటుంది. రాసినమ్మాయి మార్కులు అంతంతమాత్రం. ఒక హెల్ప్‌లైన్‌లో వాలంటీరుగా పనిచేసింది. మొదటి నెలలో ఒక కాలర్‌కి, నాలుగు నిమిషాలు కూడా వినకుండా, ఏం చేయాలో వరసగా చెప్పేసింది. అవతలి మనిషి "థాంక్యూ అండీ" అని ఫోన్ పెట్టేశారు. అంతే జరిగింది. తర్వాత పేరా మొత్తం ఆ "థాంక్యూ" గురించి రాసింది. అది మర్యాదకి అన్న థాంక్యూ అని తనకి ఎప్పుడు వెలిగింది, మరుసటి షిఫ్టులో ఏం మార్చుకుంది, మార్చుకున్నా మళ్లీ ఎక్కడ జారింది. గొప్పలు లేవు, కన్నీళ్లు లేవు. ఆ ఒక్క పేరా చదివి ఇంటర్వ్యూకి పిలిచాం. తన పొరపాటుని తనే దగ్గర్నుంచి చూడగలిగిన మనిషికి మిగతాది నేర్పించవచ్చు.

ఇంకొకటి. ఒకే స్టేట్‌మెంట్‌ని పది యూనివర్సిటీలకు పంపేటప్పుడు కనీసం పేర్లు మార్చండి. "మీ సంస్థలో చదవడం నా కల" అని రాసి, ఆ సంస్థ పేరు ఉండాల్సిన చోట ఇంకో సంస్థ పేరు ఉన్న కాగితాలు ప్రతి ఏడూ వస్తాయి. (నవ్వులు) అక్కడి అధ్యాపకుల్లో ఎవరు దేనిమీద పనిచేస్తున్నారో చదవండి. ముఖ్యంగా పీహెచ్‌డీకైతే కోర్సు కన్నా గైడ్‌ని ఎంచుకుంటున్నట్టు లెక్క.

రికమండేషన్ లెటర్లు సాధారణంగా మూడు అడుగుతారు. పెద్ద హోదా ఉన్నాయన రాసిన నాలుగు పొడి వాక్యాలు ఎందుకూ కొరగావు. మీరు పని చేస్తుంటే చూసినవాళ్లని అడగండి. అడిగేటప్పుడు "లెటర్ ఇస్తారా?" అనకండి, "నా గురించి గట్టిగా రాయగలరా?" అని అడగండి. వాళ్లు ఒక్క క్షణం తటపటాయిస్తే, దండం పెట్టి ఇంకొకరి దగ్గరికి వెళ్లడం మంచిది. కనీసం నెల రోజుల టైమివ్వండి.

జీఆర్ఈ గురించి అడుగుతారని తెలుసు. చాలా డిపార్ట్‌మెంట్లు ఇప్పుడు అడగడం మానేశాయి. అడిగేచోట రాయండి. దానికోసం ఒక ఏడాది పాడు చేసుకోకండి.

ఇంతకన్నా ముందు తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది, చాలామంది చివర్లో తేల్చుకుంటారు. ఈ డిగ్రీ చేశాక మీరు ఉండబోయే చోట ఏ పేరుతో, ఏ లైసెన్సుతో పనిచేయనిస్తారు? అమెరికాలో మాస్టర్స్‌తో కౌన్సెలర్ లైసెన్స్ తెచ్చుకోవచ్చు, సైకాలజిస్ట్ అనిపించుకోవాలంటే మాత్రం సాధారణంగా డాక్టరేట్ ఉండాలి. బ్రిటన్‌లో "కౌన్సెలింగ్ సైకాలజిస్ట్" అన్న పేరుకే చట్టపరమైన రక్షణ ఉంది, రిజిస్టర్‌లో లేనివాళ్లు వాడకూడదు. ఇండియాలో కౌన్సెలింగ్‌లో ఎంఏ చేసినంత మాత్రాన రీహాబిలిటేషన్ కౌన్సిల్ దగ్గర క్లినికల్ సైకాలజిస్ట్‌గా నమోదు కాలేరు, దానికి వేరే కోర్సులున్నాయి. కోర్సు బ్రోషర్‌లో ఇవేవీ పెద్ద అక్షరాల్లో ఉండవు. నాతో చదివిన ఒకతను మొదట వేరేచోట రెండేళ్లు కష్టపడి కోర్సు పూర్తిచేసి, లైసెన్స్ కోసం వెళ్తే ఆ కోర్సుకి గుర్తింపే లేదన్నారు. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు. కాబట్టి డిపార్ట్‌మెంట్‌కి ఈమెయిల్ రాసి సూటిగా అడగండి. మీ దగ్గర చదివినవాళ్లలో ఎంతమంది కోర్సు పూర్తిచేశారు, ఎన్నేళ్లు పట్టింది, ఎంతమందికి లైసెన్స్ వచ్చింది అని. సూటిగా జవాబు రాకపోతే అదే మీకు జవాబు.

క్లినికల్‌కీ కౌన్సెలింగ్‌కీ తేడా ఏమిటని కూడా అడుగుతారు. ఇప్పుడు రెండూ చాలా కలిసిపోయాయి కానీ వేర్లు వేరు. 1908లో బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ ఒక వొకేషన్ బ్యూరో పెట్టాడు. ఏ పని చేయాలో తేల్చుకోలేని కుర్రాళ్లని కూర్చోబెట్టి, నీ సంగతి నువ్వు తెలుసుకో, పనుల సంగతి తెలుసుకో, రెండిటినీ కలిపి ఆలోచించు అనేవాడు. కౌన్సెలింగ్ వేర్లు అక్కడున్నాయి. జబ్బుతో మొదలవలేదు, బతుకులో ఎటు తిరగాలో తెలియని మామూలు మనిషితో మొదలైంది. ఆ వాసన ఇప్పటికీ పోలేదు.

ఇంటర్వ్యూ గురించి ఒక్కమాట. "ఎలాంటి క్లయింట్‌తో పనిచేయడం మీకు కష్టం?" అని తప్పకుండా అడుగుతారు. "నేను అందరితోనూ పనిచేయగలను మేడమ్" అంటారు చాలామంది. ఆ జవాబు వినగానే నా పెన్ను ఆగిపోతుంది. కష్టం ఎవరితోనో తెలిసిన మనిషికి జాగ్రత్త ఉంటుంది.

సరే, సీటొచ్చింది. మొదటి సెమిస్టర్‌లో సిద్ధాంతాలు, స్టాటిస్టిక్స్, మానసిక పరీక్షలు, ఎథిక్స్, అవన్నీ చదువుకుంటే వచ్చేవే. రానిది స్కిల్స్ ల్యాబ్. ముగ్గురు ముగ్గురుగా కూర్చోబెడతారు. ఒకరు కౌన్సెలర్, ఒకరు క్లయింట్, ఒకరు గమనించేవాళ్లు. ఎదుటివాళ్లు చెప్పిందాన్ని మన మాటల్లో తిరిగి చెప్పాలి. మొదట్లో అచ్చం చిలక పలుకులే. "అంటే మీకు కోపమొచ్చిందంటున్నారు." "అంటే మీకు బాధేసిందంటున్నారు." ఆ పిచ్చి ఇంటిదాకా వస్తుంది. మా చెల్లి ఒకరోజు ఏదో చెబుతుంటే నేను ఇలాగే మొదలుపెట్టాను. "నాకు కౌన్సెలర్ వద్దే, అక్క కావాలి" అంది. అప్పటినుంచి ఇంట్లో మానేశాను, దాదాపుగా.

రెండో ఏడు ప్రాక్టికమ్, అంటే సూపర్‌వైజర్ చూస్తుండగా చేసే ప్రాక్టీస్. నిజమైన మనుషులు. ఇక్కడే రికార్డింగ్ మొదలవుతుంది. ఈ పద్ధతికి చాలా చరిత్ర ఉంది. 1940 ప్రాంతంలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో కార్ల్ రోజర్స్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ తన సెషన్లను గ్రామఫోన్ డిస్కుల మీద రికార్డు చేయించాడు. కొన్ని నిమిషాలకోసారి డిస్కు మార్చాల్సిన రోజులవి. 1942లో ఒక క్లయింట్‌తో జరిగిన సెషన్లను మొదటినుంచి చివరిదాకా మాటకి మాట అచ్చువేశాడు. అప్పటిదాకా మూసిన తలుపుల వెనక ఏం జరిగిందో థెరపిస్ట్ తర్వాత గుర్తున్నంత మేరకు చెప్పుకోవడమే. మనకి గుర్తున్నది మనకి అనుకూలంగానే ఉంటుంది కదా.

నా మొదటి క్లయింట్ గురించి చెబుతాను. వివరాలన్నీ మార్చేశాను, ఆ మనిషే ఇక్కడ కూర్చున్నా పోల్చుకోలేనంతగా. యాభై నిమిషాల సెషన్. అయిపోయాక బయటికొచ్చి, బ్రహ్మాండంగా చేశాననుకున్నాను. తర్వాత దాన్ని మాటకి మాట రాయాలి. యాభై నిమిషాలు రాయడానికి ఆరు గంటలు పట్టింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, వెనక్కి జరుపుకుంటూ, "ఊఁ", "ఆఁ", దగ్గు, నిట్టూర్పు, మౌనం ఎన్ని సెకన్లు, అన్నీ రాయాలి. రాస్తున్నప్పుడు మొదట కనిపెట్టింది, నేను "ఓకే" అన్న మాట అరవై మూడుసార్లు అన్నానని.

సూపర్‌విజన్‌లో మా మేడమ్ పద్నాలుగో నిమిషం దగ్గర ఆపారు. అక్కడ నేను "ఇంట్లో ఎలా ఉంది?" అని అడిగాను. క్లయింట్ "అందరూ బాగానే ఉన్నారండీ" అన్నారు. ఆ "బాగానే"కి ముందు కాస్త ఆగారు. అన్నాక ఏమీ మాట్లాడలేదు. ఏడు సెకన్లు. నా కాగితం మీద నేనే రాసుకున్నాను, బ్రాకెట్లో, మౌనం ఏడు సెకన్లు అని. ఆ తర్వాత నా గొంతు, ఉత్సాహంగా, "ఓకే! మరి ఆఫీసు పని ఎలా ఉంది?"

మేడమ్ ఆ ముక్క మూడుసార్లు వినిపించారు. తిట్టలేదు. "ఈ ఏడు సెకన్లు ఎవరికి బరువయ్యాయి?" అని అడిగారు.

నాకు జవాబు తెలుసు. చెప్పడానికి కూడా దాదాపు ఏడు సెకన్లే పట్టింది. ఆవిడ ఆగారు. నన్ను ఆదుకోవడానికి ఇంకో ప్రశ్న వేయలేదు. అప్పుడు నాకు రెండు అర్థమయ్యాయి. ఒకటి, ఆ క్లయింట్ ఏదో చెప్పబోతుంటే తలుపు నేనే మూశానని. రెండోది, ఆగడం అంటే ఎలా ఉంటుందో ఇప్పుడు నా ఎదురుగా కూర్చుని ఒకరు చేసి చూపిస్తున్నారని. ఇంటికెళ్లి ఏడ్చాను, అది కూడా చెప్పాలి. తెల్లారితే ఇంకో క్లయింట్, ఇంకో రికార్డింగ్.

ఎడ్వర్డ్ బోర్డిన్ అని ఒకాయన 1979లో కౌన్సెలర్‌కీ క్లయింట్‌కీ మధ్య ఉండే పొత్తుని మూడు ముక్కలుగా చెప్పాడు. ఎక్కడికి వెళ్లాలో ఇద్దరికీ ఒప్పందం, దానికి ఏం చేయాలో ఒప్పందం, ఇద్దరి మధ్య ఒక బంధం. పరీక్షలో రాసి పది మార్కులు తెచ్చుకున్నాను దీనికి. ఆ పద్నాలుగో నిమిషం విన్నాక గానీ బంధమనేది ఎక్కడ తెగుతుందో తెలియలేదు.

గోప్యత గురించి కొంచెం. మొదటి సెషన్‌లోనే, క్లయింట్ నోరు తెరవకముందే, ఇక్కడ చెప్పింది బయటికి పోదు, కానీ ఈ ఈ సందర్భాల్లో పోవచ్చు అని చెప్పాలి. ఆ "కానీ" చెప్పడం కొత్తవాళ్లకి మహా ఇబ్బంది, గబగబా గొణిగేస్తారు. 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు టారాసాఫ్ కేసులో తీర్పిచ్చింది. క్లయింట్ వల్ల ఇంకొకరి ప్రాణానికి ముప్పుందని తెలిస్తే, ఆ మనిషిని కాపాడటానికి తగిన జాగ్రత్త తీసుకోవాల్సిన బాధ్యత థెరపిస్ట్‌ మీద ఉందని. మిగతాచోట్ల చట్టాలు వేరుగా ఉండొచ్చు, మీ చోట ఏముందో చదువుకోండి. ఆ "కానీ" వాక్యాన్ని మాత్రం అద్దం ముందు నిలబడి మామూలు వేగంతో చెప్పడం ప్రాక్టీస్ చేయండి. సూపర్‌వైజర్ టేపు వింటారన్నది కూడా అప్పుడే చెప్పి సంతకం తీసుకోవాలి.

ఇక గంటల లెక్క. ఇది ఎవరూ చెప్పరు గానీ చాలామందిని ఇదే ఆలస్యం చేస్తుంది. అమెరికాలో కేక్రెప్ అనే గుర్తింపు సంస్థ నియమం ప్రకారం ప్రాక్టికమ్ కనీసం 100 గంటలు, అందులో క్లయింట్‌తో నేరుగా 40. ఆ తర్వాత ఇంటర్న్‌షిప్ 600 గంటలు, అందులో నేరుగా 240. వినడానికి తేలిక. కానీ క్లయింట్ రాకపోతే ఆ గంట నేరుగా పనిచేసిన లెక్కలో పడదు. పరీక్షల వారంలో, సెలవుల్లో అసలు రారు. అందుకని కావాల్సిన దానికన్నా కొంచెం ఎక్కువ మందిని షెడ్యూల్‌లో పెట్టుకోవాలి. లాగ్‌బుక్‌లో ప్రతివారం సంతకం పెట్టించుకోండి. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి సెమిస్టర్ చివర్లో అన్నీ ఒకేసారి పెట్టించుకుందామనుకుంది. ఆ లోపు సూపర్‌వైజర్ ఉద్యోగం మారిపోయారు. ఆ సంతకాల కోసం నాలుగు నెలలు తిరిగింది.

మధ్యలో మీరు అలిసిపోతారు. పగలంతా విన్నవి రాత్రి వెంటొస్తాయి. కొన్ని దేశాల్లో, కొన్ని కోర్సుల్లో విద్యార్థి సొంత థెరపీ తప్పనిసరి. తప్పనిసరి కానిచోట కూడా వెళ్లండి. క్లయింట్ కుర్చీలో కూర్చుంటే గోడ గడియారం ఎంత పెద్దగా వినిపిస్తుందో అప్పుడే తెలుస్తుంది. మా బ్యాచ్‌లో ఇద్దరు మధ్యలో మానేశారు. వాళ్లలో ఒకతను మా అందరికన్నా బాగా వినేవాడు. వినగలిగినంత మాత్రాన రోజుకి ఐదుగురిని వినగలగాలని లేదు. అతను ఇప్పుడు వేరే పని చేస్తున్నాడు, హాయిగా ఉన్నాడు.

థీసిస్. "కౌన్సెలర్‌కి పరిశోధన ఎందుకు?" అని ప్రతి బ్యాచ్‌లో ఒకరు గొణుగుతారు. 1949లో అమెరికాలో బౌల్డర్ అనే ఊళ్లో క్లినికల్ సైకాలజీ వాళ్లు సమావేశమై, చికిత్స చేసే మనిషికి శాస్త్రవేత్త శిక్షణ కూడా ఉండాలని తీర్మానించారు. కౌన్సెలింగ్ సైకాలజీ కూడా ఆ దారే పట్టింది. నేను "దుఃఖం" మీద చేస్తానన్నాను. మా గైడ్ సార్ "ఎవరి దుఃఖం? ఎప్పటిది? ఎలా కొలుస్తావమ్మా?" అన్నారు. మూడు నెలల తర్వాత అది "మొదటి సెషన్ తర్వాత క్లయింట్లు ఎందుకు తిరిగి రారు" అన్న ప్రశ్నగా కుదించుకుంది. అదయినా డేటా దొరికేచోట ఉన్నాను కాబట్టి పూర్తయింది. టాపిక్ మీద ప్రేమ కన్నా, అడిగితే జవాబు చెప్పే మనుషులు మీకు అందుబాటులో ఉన్నారా అన్నది ముందు చూడండి. ఎథిక్స్ కమిటీ అనుమతికి మీరనుకున్న దానికి రెట్టింపు టైము పెట్టుకోండి. కోర్సువర్క్, ఇంటర్న్‌షిప్ అన్నీ అయిపోయి థీసిస్ దగ్గర ఏళ్ల తరబడి ఆగిపోయినవాళ్లు నాకు తెలిసే చాలామంది ఉన్నారు. వాళ్లలో మొద్దులెవరూ లేరు, పెద్ద టాపిక్ పెట్టుకున్నవాళ్లే ఎక్కువ.

చివరగా ఒకటి చెప్పి ఆపేస్తాను, ప్రశ్నలకి టైముండాలి. ఇంటర్న్‌షిప్ అయిపోతే మీరు వెళ్లిపోతారు, క్లయింట్ సమస్య మాత్రం అయిపోయి ఉండదు. అందుకే ఆ ముగింపుని కొన్ని వారాల ముందే క్లయింట్‌తో మాట్లాడాలి, ఇంకొకరికి అప్పగించాలి. నా మొదటి క్లయింట్‌ని కూడా అలాగే అప్పగించాను. ఆ తర్వాత ఆ మనిషికి ఏమైందో నాకు తెలీదు, తెలుసుకోకూడదు కూడా.

రికార్డింగ్‌లకి మేం తీసుకున్న సంతకం కాగితంలో ఒక షరతు ఉంది. శిక్షణ పూర్తికాగానే అన్నీ చెరిపేయాలని. ఆఖరి రోజు మా మేడమ్, నేనూ కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో ఫైలు తీసేశాం. ఆ మొదటి ఫైలు దగ్గర నా చెయ్యి ఆగింది. ఆవిడ ఏమీ అనలేదు. కాసేపటికి నేనే నొక్కాను. తర్వాత నేను చేత్తో రాసిన ఆ ఆరు గంటల కాగితాలు కూడా ముక్కలు చేసే మిషన్‌లో వేశాం. ఫారం మీద ఆవిడ సంతకం పెట్టారు, కింద నేను పెట్టాను.

ఇక ప్రశ్నలు అడగండి. ముందు ఆ నీలం చొక్కా అబ్బాయి, చాలాసేపటినుంచి చెయ్యెత్తి ఉంచాడు.